బూటు కరిచిన రోజు: దూరపు నడకలో పాదాలు మొరాయిస్తే ఏం చేయాలి

నాలుగో రోజు ఉదయం ఎనిమిదింబావుకు నా కుడి మడమ వెనుక గోరంత చోట వెచ్చగా అనిపించింది. నొప్పి లేదు, మంట కూడా లేదు, వట్టి వెచ్చదనం. తోటివాళ్లు అప్పటికే చాలా ముందుకు వెళ్లిపోయారు. ‘ఆ మలుపు దాటాక చూసుకుందాం’ అనుకున్నాను. మలుపు దాటితే ఎక్కుడు వచ్చింది. ఎక్కుడు అయ్యాక ‘ఎలాగూ పదకొండుకు ఆగుతాం కదా’ అనిపించింది. పదకొండుకు బూటు విప్పితే సాక్సు మడమకు అంటుకుపోయి ఉంది. ఆ రోజు నడవాల్సింది 26 కిలోమీటర్లు. చివరి ఐదు కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది. మడమను కాపాడుకుంటూ పాదం పక్కకు వేసి నడిచినందుకు సాయంత్రానికి ఎడమ మోకాలు కూడా పట్టేసింది.

‘చెప్పు కరిచింది’ అంటాం కదా, ఆ మాట పెట్టినవాళ్లు చాలా దూరం నడిచినవాళ్లే అయి ఉండాలి. మొరిగే కుక్క కరవదంటారు గానీ బూటు సంగతి వేరు, అది మొరిగి మరీ కరుస్తుంది. మడమ దగ్గర వచ్చిన ఆ వెచ్చదనమే దాని మొరుగుడు. అది విన్న ఐదు నిమిషాల్లో ఆగామా లేదా అన్నదాన్ని బట్టి మిగతా రోజు ఎలా గడుస్తుందో తేలిపోతుంది. నా ఆ పాడు రోజును తెల్లవారుజాము నుంచి మళ్లీ మొదలుపెట్టి, ఏ గంటకు ఏం చేసి ఉండాల్సిందో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందే ఒక హెచ్చరిక. మధుమేహం ఉన్నవాళ్లకు, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు, కాళ్లకు రక్తప్రసరణ సరిగా లేనివాళ్లకు ఈ మొరుగుడు వినిపించకపోవచ్చు. వాళ్లు బయలుదేరే ముందే డాక్టరుతో మాట్లాడాలి. బొబ్బలు చిదమడం లాంటి సొంత వైద్యం వాళ్లకు పనికిరాదు.

బొబ్బ ఎలా పుడుతుంది

బూటు ఉప్పుకాగితంలా చర్మాన్ని గీకడం వల్ల బొబ్బ వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా గీకితే చర్మం చెక్కుకుపోతుంది, బొబ్బ కట్టదు. అసలు జరిగేది చూడాలంటే ఎడమ చేతి వెనుక భాగం మీద కుడి చేతి చూపుడు వేలు నొక్కి పెట్టి, వేలు జారనివ్వకుండా అటూ ఇటూ కదపండి. పైచర్మం వేలితోపాటే వస్తుంది, లోపలి ఎముక మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఉన్న పొరలు సాగుతాయి. నడకలో ఇదే తిరగబడుతుంది. చెమటకు చర్మం సాక్సుకు, సాక్సు బూటుకు అతుక్కుని కదలకుండా ఉంటాయి, లోపల మడమ ఎముక మాత్రం ప్రతి అడుగుకూ పైకీ కిందికీ ఆడుతుంది. సాగీ సాగీ పైచర్మం లోపలి పొర ఒకచోట చిరుగుతుంది. ఆ చిరుగులోకి నీరు ఊరుతుంది. బొబ్బలు ఎక్కువగా మడమ, అరికాలు, వేళ్ల పక్కల లాంటి మందపాటి చర్మం మీదే రావడానికి కారణం ఇదే. పలుచని చర్మమైతే ముందే చెక్కుకుపోతుంది.

అడుగుకు 75 సెంటీమీటర్లు వేసుకున్నా 26 కిలోమీటర్లంటే దాదాపు 35 వేల అడుగులు. ఒక్కో పాదానికి పదిహేడు వేలకు పైగా సాగదీతలు. దానికి వీపు మీది బరువు, చెమట తోడవుతాయి. కొంచెం తడిసిన చర్మం పొడి చర్మం కన్నా గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి మన చేతిలో ఉన్న ఉపాయాలు నాలుగే: తడి తగ్గించడం, ఎముక ఆటను తగ్గించడం, ఒత్తిడిని పక్కకు మళ్లించడం, అడుగుల సంఖ్య తగ్గించడం. ఇక్కడ చెప్పేవన్నీ ఈ నాలుగింటిలో ఏదో ఒకటి చేసేవే. ఏ చిట్కా విన్నా ఇందులో అది ఏ పని చేస్తుందో అడిగి చూడండి. జవాబు దొరకకపోతే దాన్ని వదిలేయవచ్చు.

తెల్లవారుజామున, బూటు తొడిగే ముందు

పది నిమిషాలు కేటాయించండి. టార్చి వెలుతురులో రెండు పాదాలనూ, వేళ్ల సందులతో సహా చూడండి. నిన్న ఎర్రబడిన చోటు ఇవాళ బొబ్బ కట్టే చోటు. గోళ్లు వేలి కొన దాటి ఉండకూడదు. వాటిని అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. మూలలు లోపలికి తవ్వితే గోరు కండలోకి పెరుగుతుంది. కాకపోతే ఈ పని నడక మొదలయ్యే రోజున కాకుండా రెండు మూడు రోజుల ముందే చేసుకోవాలి. ఆనెకాయలు ఉంటే వాటిని ఇంట్లో ఉండగానే నురుగు రాయితో మెల్లగా అరగదీసుకుని రావాలి. ఆనెకాయ గట్టి కవచమని కొందరి నమ్మకం. దాని కిందే లోతుగా బొబ్బ కడితే సూది కూడా అందదు. అది ఎంత బాధపెడుతుందో ఒకసారి పడినవాళ్లకే తెలుస్తుంది.

తర్వాత టేపు. మీ పాదంలో ఎప్పుడూ ఒరుసుకునే చోట్లు మీకు తెలిసే ఉంటాయి. వాటికి బొబ్బ రాకముందే టేపు వేయాలి. దీనికి ఖరీదైన సరుకేమీ అక్కర్లేదు. ఆసుపత్రుల్లో కట్లకు వాడే మామూలు పేపర్ టేపుతో దూరపు పరుగువాళ్ల మీద జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు అందులో పాలుపంచుకున్నారు. టేపు వేసిన చోట బొబ్బల ముప్పు 40 శాతం తగ్గింది. పేపర్ టేపుతో ఒక ఇబ్బంది ఉంది, తడిస్తే ఊడిపోతుంది. వానలో, వాగులు దాటే దారిలో ల్యూకోటేప్ లాంటి గట్టి గుడ్డ టేపు మేలు. కానీ దాన్ని బొబ్బ మీద నేరుగా వేస్తే విప్పేటప్పుడు బొబ్బ పైచర్మం దాంతోపాటే లేచి వస్తుంది. ఈ తప్పు నేను రెండుసార్లు చేశాను. మొదటిసారికే బుద్ధి రావాల్సింది.

టేపు వేయడంలో కాస్త నేర్పు కావాలి. చర్మం పూర్తిగా పొడిగా, నూనె జిడ్డు లేకుండా ఉండాలి, ఆల్కహాల్ పట్టీతో తుడిస్తే చాలు. ముక్క మూలలను గుండ్రంగా కత్తిరించండి, కోణంగా ఉన్న మూల సాక్సుకు తగులుకుని లేస్తుంది. సాగదీయకుండా, ఎక్కడా మడత పడకుండా వేయాలి. టేపులో పడ్డ మడత బూటులో పడ్డ రాయితో సమానం. వేశాక అరచేతితో అర నిమిషం రుద్దితే ఆ వేడికి జిగురు పట్టుకుంటుంది. వేలి చుట్టూ వేసేటప్పుడు మాత్రం బిగించకండి, మధ్యాహ్నానికి వేలు ఉబ్బుతుంది.

వాజలీన్ గురించి అందరూ అడుగుతారు. అది మొదట్లో జారుడుతనం ఇస్తుంది, నిజమే. గంటలు గడిచేకొద్దీ చర్మం మెత్తబడి, పట్టు ముందుకన్నా పెరుగుతుంది. ప్రతి విరామంలో మళ్లీ రాసుకునే ఓపిక ఉంటే వాడండి. టేపు వేయదలచిన చోట మాత్రం వద్దు, జిగురు అంటదు. చెమట తగ్గించే మందుల గురించి అమెరికా సైనిక విద్యార్థుల మీద చేసిన ఒక అధ్యయనం 1998లో వచ్చింది. ముందుగా కొన్ని రాత్రులు అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం రాసుకున్నవాళ్లలో 21 శాతం మందికి, మందు కలపని ఉత్త ద్రావణం రాసుకున్నవాళ్లలో 48 శాతం మందికి బొబ్బలు వచ్చాయి. వినడానికి బాగుంది. కానీ మందు రాసుకున్నవాళ్లలో సగానికి పైగా చర్మం మండిందని చెప్పారు. దురదతో నడవడమా, బొబ్బతో నడవడమా? నాకు టేపే నయం.

సాక్సులు నూలువి వద్దు. నూలు చెమటను పీల్చుకుని అక్కడే పట్టి ఉంచుతుంది. మెరినో ఉన్ని గానీ సింథటిక్ గానీ వేసుకోండి. వేళ్ల మధ్య బొబ్బలు వచ్చేవాళ్లకు వేలికో గదిలా ఉండే సాక్సులు బాగా పనిచేస్తాయి. పలుచటి లోపలి సాక్సు మీద మందపాటిది వేసుకుంటే రాపిడి చర్మానికి, సాక్సుకు మధ్య జరగకుండా రెండు సాక్సుల మధ్య జరుగుతుంది. కాకపోతే బూటులో ఆ రెండింటికీ చోటుండాలి. తొడిగే ముందు సాక్సును తిరగేసి దులపండి, బూటును బోర్లించి కొట్టండి.

చివరిగా లేసు. మడమ పైకి లేస్తున్నట్లుంటే అన్ని రంధ్రాలనూ బిగించడం పొరపాటు. పాదం మీది భాగాన్ని మామూలుగానే వదిలేసి, పైనున్న చివరి రెండు రంధ్రాల మధ్య రెండు పక్కలా చిన్న ఉచ్చు వేయండి. ఎదుటి పక్క లేసును ఆ ఉచ్చులోంచి దూర్చి, వెనక్కూ కిందికీ లాగి ముడివేయండి. దీంతో మడమ బూటు వెనుక గోడకు ఆనుకుని నిలుస్తుంది, వేళ్లకు చోటు మిగులుతుంది.

మొదటి వెచ్చదనం

బయలుదేరిన అరగంటకు, ఏమీ లేకపోయినా ఒకసారి ఆగండి. పాదం వేడెక్కి, బూటు కుదురుకునే సమయం అది. లేసులు మళ్లీ కట్టుకోవాల్సి వస్తుంది. గుంపుగా నడిచేవాళ్లు ఈ ఆగడాన్ని పొద్దున్నే మాట్లాడుకుని పెట్టుకుంటే ఎవరికీ మొహమాటం ఉండదు. మొహమాటం అని ఎందుకు అంటున్నానంటే, నేను చూసిన బొబ్బల్లో సగం మొహమాటం వల్ల వచ్చినవే. ‘నా వల్ల అందరూ ఆగాలా’ అనుకునే మనిషే సాయంత్రం అందరినీ మూడు గంటలు ఆపుతాడు. ఆ మనిషిని నేనే కాబట్టి ఇంత ధీమాగా చెప్పగలుగుతున్నాను.

వెచ్చగా, గరగరగా, సాక్సు మడత పడ్డట్టుగా, ఇసుక రేణువు ఉన్నట్టుగా, ఎలా అనిపించినా సరే, అక్కడే ఆగాలి. ‘ఆగండి, కాలు చూసుకోవాలి’ అని గట్టిగా చెప్పండి. బూటూ సాక్సూ రెండూ విప్పండి, బూటు లోపల వేలు పెట్టి తడుముకోవడం చాలదు. పాదానికి గాలి తగలనివ్వండి. తుడిచి, ఇసుక దులిపి, వేలితో తడుముతూ చూడండి. చర్మం ఎర్రబడి, నొక్కితే చురుక్కుమంటే ఇంకా బొబ్బ కట్టలేదన్నమాట. మీరు గెలిచారు. అది చల్లబడేదాకా రెండు మూడు నిమిషాలు కూర్చుని, పూర్తిగా ఆరాక టేపు వేయండి. తడి సాక్సు మార్చుకుని, విప్పినదాన్ని సంచికి వేలాడదీసుకోండి, నడుస్తుండగా ఆరుతుంది.

టేపు వేయడంతో సగం పనే అయింది. మిగతా సగం కారణం వెతకడం. ఇక్కడ పాదమే సాక్ష్యం చెబుతుంది. మడమ వెనుక అయితే మడమ లేస్తోంది, ముందు చెప్పిన ఉచ్చుముడి వేయాలి. వేళ్ల వెనుక అరికాలు మెత్తటి భాగంలో అయితే పాదం బూటులో ముందుకూ వెనక్కూ జారుతోంది, లేదా ఇన్‌సోల్ (బూటు లోపల అరికాలి కింద పరిచే మెత్త) తడిసి ముద్దయింది. దాన్ని తీసి పిండి, ఆరబెట్టి, పాదం మధ్యలో లేసు బిగించండి. చిటికెన వేలి పక్కన అయితే బూటు ఇరుకు. వేళ్ల దగ్గరి రంధ్రాల్లో ఒకటి రెండు వదిలేసి లేసు కడితే కొంత చోటు వస్తుంది. రెండు వేళ్ల మధ్య అయితే ఒక వేలు మరొకదాని మీదికి ఎక్కుతోంది, పేపర్ టేపుతో ఒక వేలికి పలుచటి తొడుగు చేయండి. పాదం పైభాగంలో నొప్పి, తిమ్మిరి ఉంటే లేసు మరీ బిగిసిందన్నమాట, నొప్పి ఉన్న చోట ఒక అడ్డం దాటవేసి కట్టండి.

వేళ్ల కొనల సంగతి వేరు. దిగుడులో పాదం ముందుకు జారి గోళ్లు బూటు ముక్కుకు కొట్టుకుంటాయి. సాయంత్రానికి గోరు కింద నల్లగా రక్తం గడ్డకడుతుంది. దిగుడు మొదలవకముందే ఆగి, చీలమండ దగ్గర లేసు బిగించి, అడుగులు చిన్నవి చేయాలి. అయినా కొట్టుకుంటున్నాయంటే బూటు పొట్టిదన్నమాట, ఆ రోజుకు దానికి మందు లేదు. రోజంతా నడిచాక పాదం ఉబ్బుతుంది. అందుకే బూటు సాయంత్రం పూట కొనాలి. నిలబడినప్పుడు పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

బొబ్బ కట్టేసింది, ఇప్పుడేం చేయాలి

చిదమాలా వద్దా? పాతకాలపు తగాదా ఇది. నా లెక్క ఇలా ఉంటుంది. చిన్నదిగా ఉండి, నొప్పి పెట్టకుండా, బరువు పడని చోట ఉంటే ముట్టుకోవద్దు. పైచర్మం చిరగనంతవరకు దాన్ని మించిన కట్టు లేదు, సూక్ష్మజీవులు లోపలికి రాలేవు. పెద్దదిగా ఉబ్బి, బిగుసుకుని, బరువంతా దాని మీదే పడుతుంటే ఎలాగూ ఒక గంటలో బూటులోనే, మురికి సాక్సు కింద చితుకుతుంది. అంతకన్నా మనమే శుభ్రంగా నీరు తీయడం మంచిది. లోపల రక్తం ఉన్న బొబ్బను మాత్రం వీలైనంతవరకు ముట్టుకోకండి, అది ఇంకా లోతైన గాయం.

నీరు తీసే పద్ధతి ఇది:

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. నీళ్లు తక్కువైతే ఆల్కహాల్ జెల్‌తో రుద్దుకోండి. బొబ్బనూ, చుట్టూ ఉన్న చర్మాన్నీ ఆల్కహాల్ పట్టీతో గానీ అయోడిన్ ద్రావణంతో గానీ తుడవండి.

2. సూదిని గానీ పిన్నీసును గానీ ఆల్కహాల్‌తో తుడవండి. మంటలో కాల్చితే ఎర్రబడేదాకా కాల్చి, చల్లారాక మసిని తుడిచేయాలి.

3. బొబ్బ నడినెత్తిన పొడవకండి. అంచున, కింది వైపు, చర్మానికి సమాంతరంగా సూది పెట్టి రెండు మూడు చిన్న రంధ్రాలు చేయండి. ఒక్కటే రంధ్రమైతే గంటలో మూసుకుపోయి మళ్లీ నీరు నిండుతుంది. నడుస్తుంటే పడే ఒత్తిడికి నీరు దానంతట అదే బయటికి పోయే దిక్కున రంధ్రాలు ఉండాలి.

4. శుభ్రమైన గుడ్డతో మెల్లగా అద్దుతూ నీరంతా తీయండి. పైచర్మాన్ని పీకవద్దు, కత్తిరించవద్దు, లోపలి పొర మీదికి చదునుగా పరచండి. దాని కింద కొత్త పలుచటి చర్మం రావడానికి దాదాపు ఐదు రోజులు పడుతుంది. అంతవరకు అదే కాపలా.

5. అంటుకోని గాజుగుడ్డ ముక్కను గానీ, గాయపు నీటిని పీల్చుకునే హైడ్రోకొలాయిడ్ పట్టీని గానీ పరిచి, దాని మీద టేపు వేయండి. టేపు అంచులు బొబ్బ అంచులకన్నా బాగా బయటికి రావాలి.

సూదికి దారం ఎక్కించి బొబ్బలోంచి దూర్చి అలాగే వదిలేసే పద్ధతి నడిచేవాళ్లలో చాలా చోట్ల ఉంది. నీరు కారుతుంది, నిజమే. కానీ బయటి మురికి లోపలికి పోవడానికి అదే దారం దారి చూపుతుంది. చేయకండి.

పైచర్మం అప్పటికే ఊడిపోయి ఎర్రటి పచ్చి తేలితే శుభ్రమైన నీటితో కడిగి, వేలాడే పీలికలు మాత్రం కత్తిరించి, హైడ్రోకొలాయిడ్ పట్టీ వేయండి. అది గాయపు నీటిని పీల్చుకుని జెల్లులా మారి పచ్చిని మెత్తగా కప్పుతుంది. తెల్లగా ఉబ్బిన ఆ జెల్లును చూసి చీము అనుకుని కంగారుపడకండి. దానంతట అది లేచేదాకా మూడు నాలుగు రోజులు అలా ఉండనివ్వాలి. చీము పట్టిందనిపించే గాయానికి మాత్రం ఈ పట్టీ వద్దు.

ఒత్తిడి ఇంకా పడుతుంటే మెత్తటి మందపాటి నురుగు పట్టీని గారె ఆకారంలో, మధ్యలో బొబ్బకన్నా పెద్ద రంధ్రం వచ్చేలా కత్తిరించి చుట్టూ అతికించండి. బరువు అంచుల మీద పడి, మధ్య భాగం తేలికపడుతుంది. బూటు ఇప్పటికే ఇరుకుగా ఉంటే ఇది వికటిస్తుంది. అప్పుడు పట్టీని పాదానికి కాకుండా ఇన్‌సోల్‌కు వేయండి, లేదా ఇన్‌సోల్‌లోనే ఆ చోట గుంట కోసేయండి. ఇన్‌సోల్ మళ్లీ కొనుక్కోవచ్చు.

తడిసిన కాలు

వానలో, బురదలో రోజంతా నడిస్తే అరికాలు తెల్లగా నాని ముడతలు పడుతుంది. ఆ ముడతలే మడతలుగా ముడుచుకుని నొప్పి పుడుతుంది, గాజు పెంకుల మీద నడిచినట్టుంటుంది. దీనికి టేపు అంటదు, సూది పనికిరాదు. ఆరడం ఒక్కటే మందు. మధ్యాహ్నం అరగంట బూట్లు విప్పి పాదాలను ఆరనివ్వండి. రాత్రికి వేసుకునే సాక్సుల జత ఒకటి ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఏమైనా సరే పగలు ముట్టుకోకండి. చలి కూడా తోడై, గంటల తరబడి తడిలో ఉన్న పాదం మొద్దుబారి, పాలిపోతే అది మరింత ప్రమాదం. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో సైనికుల పాదాలను పాడుచేసింది ఇదే. అలాంటి పాదాన్ని రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. ఆరబెట్టి, మెల్లగా వెచ్చబరచి, వైద్యుడికి చూపించాలి.

మిగిలిన దూరం

కుంటుతూ నడవడం బొబ్బకన్నా చెడ్డది. బొబ్బ వారంలో మానుతుంది. వంకర నడకతో చెడిన మోకాలు, మడమ వెనుక పెద్ద నరంలా ఉండే స్నాయువు మానడానికి నెలలు పట్టవచ్చు. కాబట్టి నీరు తీసి, పట్టీ వేశాక మీ పరీక్ష ఒక్కటే: తిన్నగా నడవగలుగుతున్నారా? నడవగలిగితే సాగండి. మొదటి పది నిమిషాలు నొప్పి ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. తగ్గకపోతే మళ్లీ విప్పి చూడండి. ఊతకర్రలు రెండూ వాడండి. బరువులో కొంత తోటివాళ్లకు ఇవ్వండి, ఇక్కడా మొహమాటం వద్దు. గంటకోసారి కాళ్లు ఎత్తిపెట్టి పది నిమిషాలు కూర్చోండి. దారి చదునుగా ఉంటే సంచిలోని శాండిల్స్ వేసుకుని నడవడం కూడా ఒక మార్గమే, మడమ బొబ్బకు అంతకు మించిన విశ్రాంతి లేదు.

నొప్పి మాత్ర వేసుకోవచ్చా? చర్మం నొప్పికి పారాసెటమాల్ మోతాదు మించకుండా వేసుకోవచ్చు. ఐబుప్రొఫెన్ విషయంలో జాగ్రత్త, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అది మూత్రపిండాలకు హాని చేయవచ్చు. ఎముక నొప్పిని మాత్రతో అణచి నడవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

అది ఎముక నొప్పి అని తెలిసేదెలా? చర్మం మీద ఏమీ కనిపించకుండా, పాదం పైభాగంలో ఒకే ఒక బిందువు దగ్గర వేలితో నొక్కితే ప్రాణం లేచిపోయినట్టుంటే, నడిచేకొద్దీ పెరిగి విశ్రాంతికి తగ్గుతుంటే, ఎముకలో సన్నని చీలిక ఏర్పడి ఉండవచ్చు. పాత జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ కవాతు చేసే సైనికుల పాదాల్లో ఈ బాధను 1855లోనే వర్ణించాడు. దాని పేరు ఇప్పటికీ కవాతు విరుపే (మార్చ్ ఫ్రాక్చర్). దానికి నడక ఆపడమే వైద్యం. ఉదయం మంచం దిగి వేసే తొలి అడుగుల్లో మడమ కింద పొడిచినట్టుండి, కాసేపటికి సర్దుకుంటే అది అరికాలి పొడవునా పట్టీలా ఉండే కణజాలపు వాపు (ప్లాంటార్ ఫాసియైటిస్). పిక్కలు సాగదీసే వ్యాయామంతో, తక్కువ దూరాలతో నెట్టుకురావచ్చు.

కాలు మడతపడి చీలమండ బెణికితే, ఎక్స్‌రే అవసరమా అని తేల్చుకోవడానికి వైద్యులు వాడే ఒట్టావా నియమాలు దారిలోనూ అక్కరకొస్తాయి. కుంటుతూ అయినా నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల కొన మీద గానీ వెనుక అంచున గానీ, పాదం బయటి అంచు మధ్యలో తగిలే ఎముక బొడిపె మీద గానీ, లోపలి వంపు దగ్గర పైకి తగిలే ఎముక మీద గానీ నొక్కితే నొప్పి పుట్టినా అంతే. ఇవేవీ లేకపోతే చాలావరకు అది బెణుకే.

రాత్రి

చేరగానే కూలబడిపోకండి, ముందు పాదాల పని చూడండి. కడగండి, వేళ్ల సందులు తుడవండి. చల్లటి నీరుంటే పది నిమిషాలు ముంచండి. పచ్చి గాయం ఉంటే వాగు నీటిలో పెట్టవద్దు. టేపు విప్పేటప్పుడు బొబ్బ వైపుకు లాగుతూ, చర్మాన్ని రెండో చేత్తో నొక్కి పట్టి మెల్లగా తీయండి. గాయం లేని పాదాలను గాలికి వదిలి, సంచి మీద ఎత్తుగా పెట్టి పడుకోండి.

చీము, చుట్టూ పెరుగుతున్న ఎరుపు, వేడి, ఉండుండి కొట్టుకునే పోటు, కాలి మీదుగా పైకి పాకే ఎర్రటి గీత, గజ్జల్లో బిళ్ల కట్టడం, చలిజ్వరం, వీటిలో ఏది కనిపించినా నడక అయిపోయినట్టే. వెంటనే వైద్యం అందాలి. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, పక్కన సమయం రాసి పెట్టండి. గంటల్లో అది గీత దాటిందో లేదో తెలుస్తుంది. బొబ్బే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు నేను చెప్పే ఉదంతం ఒకటుంది. 1924 జూన్ చివర్లో అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ కొడుకు సాక్సులు లేకుండా బూట్లు వేసుకుని టెన్నిస్ ఆడాడు. కాలి వేలి మీద బొబ్బ లేచింది, విషక్రిములు రక్తంలోకి పాకాయి. వారం తిరిగేసరికి, జులై 7న చనిపోయాడు. వయసు 16. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. ఇప్పుడు ఉన్నాయి, కానీ అడవి మధ్యలో మన చేతికి అందేలా ఉండవు.

మర్నాటి ఉదయం

నిర్ణయం రాత్రి తీసుకోకండి. రాత్రి అన్నీ ఘోరంగానే కనిపిస్తాయి. ఉదయం పట్టీలు వేసి, బూటు తొడిగి, సంచి భుజానికెత్తుకుని వంద అడుగులు నడిచి చూడండి. నడక తిన్నగా ఉంటే సగం దూరం పెట్టుకోండి. వంకరపోతే ఆ రోజు సెలవు. రెండు రోజుల విశ్రాంతి తర్వాత కూడా వంకరపోతే ఈ బూటుతో ఈ నడక సాగదన్నమాట. నేను ఐదో రోజు కదలలేదు. ఆరో రోజు 11 కిలోమీటర్లు నడిచాను, నాలుగుసార్లు బూటు విప్పి.

మందుల సంచిలో పెద్దగా ఏమీ అక్కర్లేదు: రెండు రకాల టేపు, ఆల్కహాల్ పట్టీలు, సూది, చిన్న కత్తెర, నాలుగైదు హైడ్రోకొలాయిడ్ పట్టీలు, అరచేతంత నురుగు ముక్క, గాజుగుడ్డ. నాలుగో రోజున ఇవన్నీ నా దగ్గర ఉన్నాయి, సంచి అడుగున, గుడారం కింద. అవి తీయాలంటే సామానంతా దింపాలి కాబట్టే మలుపు దాటాక చూసుకుందామనుకున్నాను. ఇప్పుడు టేపు చుట్టను ఊతకర్రకే చుట్టి ఉంచుతాను. కత్తెరా పట్టీలూ నడుం పట్టీకి ఉన్న చిన్న జేబులో ఉంటాయి.